విమానం కడుపులో నీళ్ళు

వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద ట్రాక్టరు ట్రాలీలు కట్టే కురుమూర్తి గురించి ఎవరిని అడిగినా ఒకే మాట చెప్పేవారు: "ఆయన చెయ్యి పెడితే చుక్క కారదు." తెలకపల్లి నుంచి వచ్చి, ఎవరి దగ్గరా పనికి కుదరకుండానే, చూసి చూసి పని నేర్చుకున్న మనిషి. నీళ్ళ ట్యాంకరు కారినా, బడి రేకులు కారినా ఆయనకే కబురు వెళ్ళేది.

ఆ ఊరి హైస్కూలు మైదానంలో ఒక పాత యుద్ధ విమానం తన చక్రాల మీదే నిలబడి ఉండేది. ఎగిరే వయసు దాటాక పిల్లలు చూస్తారని వైమానిక దళం బడికి ఇచ్చింది. కొత్తవాళ్ళకు దారి చెప్పాలంటే "ఇమానం కాడ దిగు" అనేవారు. లింగాల వైపు నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు దాని ముందు ఫోటో దిగకుండా వెళ్ళేవారు కాదు.

2005 ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చాడు. విమానం పొట్ట మీద పెన్నుతో గుచ్చితే పెన్ను లోపలికి దిగింది. "వానలు పడే లోపల బాగు చేయించండి. లేకపోతే లారీ పంపి తీసుకుపోతాం" అని చెప్పి వెళ్ళాడు.

హెడ్మాస్టరు వెంకటయ్య చందాలకు బయలుదేరాడు. పల్లికాయ మార్కెట్టు హమాలీలు ఒకరోజు కూలి ఇచ్చారు. ధరూరు రైతు ఒకాయన చేతిలో డబ్బు లేక రెండు బస్తాల పల్లికాయ ఆటోలో వేసుకొచ్చాడు. మీటింగులు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి. బాగుచేసే పని ఒప్పుకున్న కురుమూర్తి ఒక్కదానికీ వెళ్ళలేదు. గోనెసంచి పరుచుకుని విమానం కిందికి దూరాడు.

పొట్ట కింద వరసగా చిన్న చిన్న బొర్రలు, పుల్ల దూరేంత రంధ్రాలు. అన్నీ సందులు పూడ్చే లప్పంతో మూసి ఉన్నాయి. లప్పం మీద బొటనవేలితో అదిమిన గుర్తు, ఒక పక్క కోసినట్టు వంకరగా ఉంది. కురుమూర్తి తన వేలు చూసుకున్నాడు. ఎప్పుడో రేకు కోసుకుపోయిన వేలు అది.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి గుర్తుకొచ్చింది. వాన వెలిశాక విమానం కారుతుంటే ఊరి పరువు పోతుందనిపించి, ఎవరూ అడగకుండానే, ఒక్క పైసా తీసుకోకుండా ఆ బొర్రలన్నీ మూసేశాడు.

స్క్రూడ్రైవరుతో ఒక లప్పం ముక్క గీకాడు. మురికి నీళ్ళు ఛాతీ మీద పడ్డాయి. వెనకే పుచ్చిన రేకు తెల్లటి పొడిగా రాలింది. లోపల చేరిన వాననీళ్ళు బయటికి పోవడానికి ఆ బొర్రలు పెట్టారని అప్పుడు అర్థమైంది. ఆ మధ్యాహ్నం అన్నం తినకుండానే వెంకటయ్య దగ్గరికి వెళ్ళాడు.

"సారూ, ఇమానం ఖరాబైంది నాతోనే. కారుతుందని నేనే బొర్రలు మూసిన. నీళ్ళు పోనీకి పెట్టినయని తెల్వకపాయె. నాకు కూలి ఇయ్యకుండ్రి."

వెంకటయ్య చందాల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "గింతమంది మీటింగుల మాట్లాడిన్రు. ఒక్కడన్న కిందికి దూరి చూసిండా? మూసిన చెయ్యే తెరవాలె. పో, పని చూడు."

వెల్డింగు పెడితే ఆ పలుచని సిల్వర్ రేకు కాలిపోతుంది. అందుకని కురుమూర్తి సంతలో సిల్వర్ గిన్నెలకు మాట్లు వేసే పెంటమ్మను పిలుచుకొచ్చాడు. లోపలి నుంచి ఇనుప దిమ్మె ఆనించి ఆమె పట్టుకుంటే, బయట నుంచి ఆయన రివిట్లు కొట్టాలి. మొదటి దెబ్బకే రేకు సొట్టపోయింది.

"ఇది నీ ట్రాలీ అనుకుంటున్నవా అన్నా? పసిపిల్లను జోకొట్టినట్టు కొట్టాలె!" లోపలి నుంచి పెంటమ్మ కసిరింది.

"సరే అక్కా, నేర్పు" అన్నాడు కురుమూర్తి.

నెలన్నర పాటు నేర్చుకుంటూనే కొట్టాడు. పుచ్చిన రేకులన్నీ మారాయి. బొర్రలు ఒక్కటి కూడా వదలకుండా తెరిచాడు.

అధికారి మళ్ళీ వచ్చిన రోజు పొద్దున్నే పెద్ద వాన పడి వెలిసింది. మైదానం నిండా జనం. అంతలో విమానం పొట్ట కింద టపటపమని చుక్కలు పడసాగాయి.

"అయ్యో కురుమూర్తన్నా, కారుతుంది!" హమాలీ ఒకడు గుండె బాదుకున్నాడు. వెంకటయ్య అధికారి వైపు చూశాడు.

అధికారి కిందికి వంగి ఒక్కో బొర్ర కింద చెయ్యి పెట్టి చూశాడు. మాటు వేసిన చోట్ల వేలితో నొక్కాడు. "ఇవి ఎవరు తెరిచారు?"

"నేనే సార్" అన్నాడు కురుమూర్తి. "మూసింది గూడ నేనే."

అధికారి ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఇక మూయకండి. ఏటా వానల ముందు పుల్ల పెట్టి శుభ్రం చేయండి. లారీ అక్కర్లేదు" అంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

జనం చప్పట్లు కొడుతుంటే పెంటమ్మ మోచేత్తో పొడిచింది. "నీ చెయ్యి పెడితే చుక్క కారదంటరు గద, అన్నా?"

"కారనియ్యి అక్కా" అన్నాడు కురుమూర్తి. చుక్కలు పడే చోటికి కొంచెం ఎడంగా, విమానం నీడలోనే కూలబడి, పొద్దుటి నుంచి ముట్టని చాయ్ తెప్పించుకున్నాడు.