తోడు పడుకోవడానికి వచ్చిన అత్త

మా ఆయన పోయాక అన్నయ్య నన్ను విజయనగరం తీసుకుపోయి పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. అందులో అబద్ధం లేదు. కాని ఆ పువ్వుల నిండా పిల్లలే. నేను పంతులమ్మని కనక పగలు బడిలో పిల్లలు, సాయంత్రం ఇంట్లో పిల్లలు. స్నానానికి వంతు, అద్దానికి వంతు, పెరట్లో దండెం మీద చీర ఆరేసుకోవడానికి వంతు. అనకాపల్లి ఆడపిల్లల బడికి ట్రాన్స్‌ఫర్ కావాలని నేనే అర్జీ పెట్టుకున్నాను. ఎవరో పగబట్టి వేయించారని ఇంట్లో అనుకున్నారు. అనుకోనిచ్చాను.

అనకాపల్లిలో బెల్లం బజారు వెనక సందులో మాకు రెండు గదుల పెంకుటిల్లు ఉంది. నేనూ ఆయనా కాపురం చేసిన ఇల్లు. నేను లేనన్నాళ్ళూ అందులో ఒక సాయిబుగారు, దర్జీ, కుటుంబంతో అద్దెకున్నారు. ఖాళీ చేస్తూ గోడలకి సున్నం వేయించి, "మీ ఇల్లు మీకు అప్పగించేం, చూసుకోండమ్మా" అని తాళంచెవి చేతిలో పెట్టారు. చూసుకున్నాను. మేకులన్నీ కొత్త చోట్ల ఉన్నాయి. గచ్చు పగుళ్ళలో గుండుసూదులున్నాయి. కాలికి గుచ్చుకున్నప్పుడల్లా సాయిబుగారిని తలుచుకునేదాన్ని.

గుమ్మం దాటగానే నా గుండె బద్దలవుతుందని అన్నయ్య కూడా వచ్చాడు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా లోపలికి వెళ్తే ఆకలేసింది. మా ఆయనంటే నాకు ప్రేమే. కాని ఆయనకి రెండు పూటలా కూర, పచ్చడి, పులుసు మూడూ ఉండాలి. ఆ సంగతి వంటిల్లు చూడగానే గుర్తొచ్చింది. ఇప్పుడు అక్కర్లేదన్న సంగతీ వెంటనే గుర్తొచ్చింది. కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

మర్నాడు అన్నయ్య వెళ్ళిపోయాడు. ఆ తరవాత నేనెంత సుఖపడ్డానో చెప్తే బాగోదు గాని, చెప్తాను. పొద్దున్న కాఫీ తాగి గ్లాసు కిటికీలో పెడితే సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఆ గ్లాసు ఆ కిటికీలోనే ఉండేది. దాన్ని అలా చూస్తూ కాసేపు నిలబడేదాన్ని. సాయంత్రం పొయ్యి వెలిగిస్తే ఒట్టు. తడిపిన అటుకుల్లో బెల్లం కోరు వేసుకుని నిలబడే తినేదాన్ని. ఉత్తరం దిక్కు తలపెట్టి పడుకున్నాను, ఏమీ కాలేదు. పొద్దు గుంకగానే దీపం ఆర్పేసి, నిద్ర వచ్చినా రాకపోయినా మంచమెక్కేదాన్ని. ఏం ఆలోచిస్తున్నావని అడిగేవాళ్ళు లేరు. నిజానికి నేనేమీ ఆలోచించేదాన్ని కాదు. ఏమీ ఆలోచించకుండా ఉండడానికి అన్నాళ్ళూ తీరిక దొరకలేదు.

ఆ దీపమే కొంప ముంచింది. అన్నయ్య ఓ ఆదివారం చూడ్డానికి వస్తే ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేసింది.

"పొద్దోతే సాలు, దీపం ఆర్పీసి పడుకుండిపోతంది బాబూ. సీకట్లో ఏడుత్తందో ఏటో, పాపం."

అన్నయ్య కుర్చీలో కూర్చోకుండానే తేల్చేశాడు. "రాత్రిళ్ళు తోడు పడుకోడానికి మనిషుంటే ఉండు. లేదంటే సామాను సర్దు."

ఆడది ఒంటరిగా ఉంటే తోడు పడుకోవడానికి ఎవరైనా ముసలావిణ్ణి పెట్టడం మా వైపు ఆచారం. దొంగ వస్తే ఆ ముసలావిడ ఏం చేస్తుందని ఎవరూ అడగరు.

వారం తిరక్కుండా అత్త రిక్షా దిగింది. మా వదినకి దూరపు పిన్ని, నాకు అత్త వరస. పిల్లా జెల్లా లేకుండా చిన్నప్పుడే భర్త పోయాడు. అప్పట్నుంచీ ఎవరింట్లో పురుడొస్తే ఆ ఇంటికి, ఎవరు మంచాన పడితే ఆ మంచం పక్కకి వెళ్తూ ముసలిదైపోయింది. చంకలో గుడ్డసంచీ, అందులో రెండు చీరలు, ఒక చుట్టల కట్ట.

"వచ్చేవా అత్తా," అన్నాను. అంతకన్న ఆప్యాయంగా అనడం నా వల్ల కాలేదు.

"ఈ ఇంట్లో ఇంకెవరుంటారమ్మా?"

"ఎవరూ లేరు. నేనే."

"పిల్లలు?"

"లేరు."

"మంచాన పడ్డోలు?"

"లేరత్తా."

ఆవిడ తిన్నగా లోపలికి వెళ్ళి సంచీని సాయిబుగారి మేకుకి తగిలించింది.

నా సుఖం అంతటితో సరి. గ్లాసు కిటికీలో నిలవడం మానేసింది. సాయంత్రమయ్యేసరికి పొయ్యి, పొయ్యి మీద పులుసు. ఆవిడ గురక వింటే ఇంట్లో ఇద్దరు మగాళ్ళున్నారని దొంగలు అనుకోవాలి. కడుపు నిండా తినేదాన్ని, ఏడుపు మొహంతో పడుకునేదాన్ని. ఆవిణ్ణి పంపేస్తే నేనూ పెట్టె సర్దుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒకనాడు ఎవరో పెద్దాయన పోయారని మధ్యాహ్నమే బడి వదిలేశారు. పోయినదెవరో నాకు సరిగా తెలియలేదు, సెలవు మాత్రం నిజం. ఇంటికొచ్చేసరికి తలుపు గడియ పెట్టి ఉంది. తట్టాను. మళ్ళీ తట్టాను.

"ఇంట్లో ఎవరూ లేరు," అని అత్త గొంతు వినపడింది.

"అత్తా, నేనూ."

చివరికి తలుపు తీసి, "అప్పుడే వచ్చీసేవేటి?" అంది. ఆవిడ రిక్షా దిగిన రోజున నేను పలకరించిన గొంతూ సరిగ్గా అలాగే ఉండి ఉంటుంది.

గది మధ్యలో చాప పరిచి ఉంది. చాప మీద చేట లేదు, కుట్టడానికి బొంత లేదు, కూరగాయలు లేవు.

"ఏం చేస్తున్నావత్తా?"

"ఏటీ లేదమ్మా. కూకున్నాను."

"మరి తలుపెందుకు వేశావు?"

"తలుపు తీసుంటే కూకోనివ్వరు గదా," అంది. నాకేదో తెలియని సంగతి చెబుతున్నట్టు కాదు, అందరికీ తెలిసిందే చెబుతున్నట్టు.

నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత అర్థమైంది. ఖాళీగా కనిపిస్తే చాలు, ఆవిడ ఒళ్ళో ఎవరి పిల్లో, చేతిలో ఎవరి బియ్యమో పెట్టేవారు. మా వదిన పురిటికి సాయం వచ్చినప్పుడు నేనూ పెట్టాను.

ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. కాని నేను బడి వదిలాక శారదా నది వైపు తిరిగి, ఆలస్యంగా ఇల్లు చేరడం మొదలుపెట్టాను. నేను వచ్చాక ఆవిడ చుట్ట వెలిగించుకుని ఎదురింటి అరుగు మీదికి వెళ్ళి కూర్చునేది. పులుసు కాచడం మానేసింది. అటుకులు తనే తడిపి పెట్టేది. ఒకే ఇంట్లో వంతులేసుకుని ఒంటరిగా ఉండేవాళ్ళం. ఆ రోజులు చాలా బాగుండేవి.

వానాకాలంలో కోటవురట్ల నుంచి అత్త మరిది కొడుకు వచ్చాడు. నేను అప్పుడే బడి నుంచి వచ్చాను.

"మా ఆడదానికి నెలలు నిండేయండి పంతులమ్మగారూ. రెండో పురుడు. పెద్దమ్మని తీసుకెళ్దామని వచ్చేను."

అతని మాట పూర్తి కాకుండానే అత్త లేచి సంచీ దించింది.

నిజం చెప్పొద్దూ, నా గుండె గంతేసింది. పంపింది నేను కాదు, పురుడు. అన్నయ్య కూడా నన్నేమీ అనలేడు. ఇంకో ముసలావిడ దొరికేదాకా ఇల్లు నాదే. అత్త వైపు చూశాను. ఆవిడ మొహంలో బాధ లేదు. ఉంటే ఓ మంచి మాట చెప్పి పంపేసేదాన్నేమో. బడిగంట కొడితే మా పిల్లలు లేచినట్టు లేచింది, అంతే. దండెం మీద చీర ఇంకా తడిగానే ఉంది. అలాగే మడిచి సంచీలో పెడుతోంది.

"ఆవిడ వెళ్తే నేనిక్కడ ఉండలేను బాబూ," అన్నాను. "నాకు భయం."

"భయమేటండీ?"

"దొంగల భయం. దయ్యాల భయం కూడా."

"సదువు సెప్పే పంతులమ్మగారు, మీకూ దెయ్యాలేటండీ!" అని గట్టిగా నవ్వాడు. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చింది. సందులో నా పరువు ఆ పూటతో పోయింది.

"నీ పెళ్ళానికి పుట్టిల్లు లేదా?"

"ఉందండి, కె. కోటపాడు. తల్లి తీసుకెళ్తానంతంది గాని, మాకక్కడ వంటకి ఇబ్బందని..."

"తల్లి దగ్గరికే పంపు. నువ్వు వంట నేర్చుకో."

అతను గొణుక్కుంటూ బస్సుకి వెళ్ళిపోయాడు. అత్త సంచీ చంకలో పెట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నీకు దెయ్యాల భయమేటమ్మా?"

"లేదత్తా. నీకు వెళ్ళాలని ఉందా?"

ఆవిడ నా మొహంలోకి చూసి, తరవాత నేల వైపు చూసింది. జవాబు ఎక్కడ పెట్టిందో మరిచిపోయినదానిలా సంచీ ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

"లేదు," అంది. మళ్ళీ, "లేదమ్మా," అంది. "నువ్వలా బయటికెళ్ళి రా."

"ఇప్పుడేగా వచ్చాను. కాఫీ అయినా తాగలేదు."

"ఎల్లి రామ్మా."

వెళ్ళాను. వెనక గడియ పడింది. మెట్టు దిగుతుంటే లోపల్నుంచి ఏడుపు వినిపించింది. సన్నగా కాదు, గొంతెత్తి. ఎదురింటావిడ "ఏటయ్యిందమ్మా?" అంటూ గబగబా సందు దాటి వస్తోంది. నేను మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాను.

"ఏం కాలేదు," అన్నాను. "కాసేపు లోపలికి ఎవరూ వెళ్ళకూడదు."

ఆవిడ నన్నూ తలుపునీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. చీకటి పడేదాకా నేనక్కడే కూర్చున్నాను.