మేస్త్రి పన్ను

వడ్రంగి మేస్త్రికి మేకులు నోట్లో పెట్టుకుని పనిచేయడం అలవాటు. రెండేళ్ల కిందట నాలుక మీద క్యాన్సర్ వస్తే దవడ దాకా రేడియేషన్ ఇచ్చారు. రోగం తగ్గింది గానీ, ఇప్పుడు కింది పన్ను ఒకటి ఊగుతోంది. మేస్త్రి పటకారు పట్టుకుని అద్దం ముందు నోరు తెరిచాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" భార్య గుమ్మంలోంచే కేకేసింది.

"మేకు పీకినట్టు పీకేస్తా. దీనికీ డాక్టరెందుకే?"

"రేడియేషన్ తగిలిన ఎముక సరిగా మానదని చెప్పలేదూ? పన్ను పీకితే దవడే పుచ్చిపోవచ్చన్నారు. నీ మొండితనం చెక్కల మీద చూపించు, మూతి మీద కాదు!"

పుచ్చిన చెక్కను బాగుచేయడం ఎంత కష్టమో మేస్త్రికి ఒకరు చెప్పక్కర్లేదు. గొణుక్కుంటూనే పటకారు ఆవిడ చేతికిచ్చాడు.

మర్నాడు పళ్ల డాక్టరమ్మ దగ్గర కుర్చీ ఎక్కకముందే అన్నాడు: "అమ్మా, ముందు ఇది వినండి. ఈ దవడకి రేడియేషన్ ఇచ్చారు."