కవరు మీద కుడిపక్క

మొన్న మా మనవరాలు పరీక్షకు అప్లికేషన్ పంపాలని ఒక కవరు పట్టుకొచ్చి, "జేజీ, మన అడ్రసు యాడ రాయాల, వాళ్లది యాడ రాయాల?" అని అడిగింది. ఫోనులో ప్రపంచమంతా తిరిగొచ్చే పిల్ల, జానెడు కవరు ముందు ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది. వెంటనే మా అత్తగారు గుర్తొచ్చారు.

అవి డెబ్భైల చివరి రోజులు. నేను చిత్తూరుకు కొత్తగా వచ్చిన కోడలిని. మామగారు పోయి ఏడాది కూడా కాలేదు. అత్తగారికి సూళ్లూరుపేటలో ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్లమ్మ మజ్జిగ చిలికిన కవ్వం ఎవరికి దక్కాలన్న దగ్గర మాటామాటా పెరిగి, అక్కాచెల్లెళ్లకు రాకపోకలు తెగిపోయాయి. అప్పటికి ఇద్దరి ఇళ్లలోనూ పాడి లేదు, అది వేరే సంగతి! చెల్లెలికి కంటి ఆపరేషన్ అని ఎవరో చెప్పగానే అత్తగారి మనసు కరిగిపోయింది. వచ్చి నా దగ్గరే ఉండు, నేను చూసుకుంటానని జాబు రాసి, కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టి, తానే వెళ్లి పోస్టు డబ్బాలో వేసొచ్చారు. అంతకు ముందు ఇంట్లో అడ్రసులన్నీ మామగారే రాసేవారు.

రెండు రోజులకల్లా ఆ కవరే విప్పకుండా మా గుమ్మంలోకి వచ్చి పడింది. అత్తగారి ముఖం చిన్నబోయింది. "సూసినావా, నేనే దిగొచ్చి రాస్తే, ఎనక్కి పంపించేసింది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. అంతటి మనిషిని అలా చూడటం నాకు చాలా కష్టమైంది.

కవరు తీసి చూశాను. కుడిపక్క ముత్యాల్లాంటి పెద్ద అక్షరాలతో అత్తగారి పేరు, మా ఇంటి అడ్రసు. ఎడమపక్క మూలన చిన్నగా చెల్లెలి పేరు.

"అత్తా, ఇది మన ఊరు దాటనే లేదు. కుడిపక్క ఎవరి పేరుంటే వాళ్లకే ఇస్తారు. ఆడ మీ పేరే ఉండాది."

"ఉండదా మరి? అన్నాల బంతిలో కుడిపక్క ఆకు పెద్దోళ్లకే కదా ఏసేది. దానికంటే నేను పెద్దదాన్ని. నన్ను తీసకపోయి మూలన కూసోబెడతారా?"

నిజమే, మా ఇంట్లో వడ్డన ఆ కుడి చివరి ఆకు నుంచే మొదలయ్యేది. అత్తగారిని తప్పుపట్టే ధైర్యం కొత్త కోడలికి ఎక్కడిది? "పిలిచినోళ్లు పక్కకు జరిగి, వచ్చినోళ్లకే కదత్తా ఆ ఆకు ఏస్తారు" అన్నాను.

అత్తగారు ఆ కవరును ఇటూ అటూ తిప్పి చూశారు. తర్వాత కొత్త కవరు తెమ్మన్నారు. కుడిపక్క చెల్లెలి పేరు పెద్దగా రాసి, ఎడమ మూలన తన పేరు రాసుకున్నారు.

వారం తిరక్కుండానే చెల్లెలు దిగింది. చేతిసంచిలోంచి కవ్వం పిడి బయటికి కనబడుతోంది. గడప దాటకుండానే కవరు పైకెత్తి, "అక్కా, నన్ను పెద్దదాన్ని చేసి, నువ్వు ఇంత మూలన కూసున్నావే!" అని బావురుమంది. ఆ రోజు బంతిలో కుడిపక్క ఆకు ముందు నువ్వంటే నువ్వని ఇద్దరూ వాదులాడుకుంటుంటే చారు చల్లారిపోయింది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మనవరాలికి మన పేరు ఎడమపక్క మూలన అని చూపించాను. కాలం ఎంత పెద్దవాళ్లనైనా మెల్లగా ఆ మూలకే జరుపుతుంది, కుడిపక్క రాయడానికి మనకంటూ ఒక పేరుంటే అదే చాలు.