పూత మీద బేరం వద్దన్న చాచా

నా చిన్నప్పుడు మా మామిడితోటకు రెండు తీర్ల మనుషులు వచ్చేటోళ్లు. పూతను చూసి వచ్చేటోళ్లు కొందరు, భూమిని చూసి వచ్చేటోళ్లు కొందరు. ఇద్దర్ల ఎవరిని చూసినా మా బాపుకు ఒళ్లు మండేది.

పూతను చూసి వచ్చేటోళ్లు గుత్తదారులు. చెట్లు నిండుగ పూసినప్పుడు కింద రెండు చక్కర్లు కొట్టి, ఇంత ఇస్త అని చెప్పి, కొంత బయానా చేతుల పెట్టి తోట పట్టేటోళ్లు. ఇగ కాయ నిలిచినా రాలినా వాళ్లదే అని మాట. ఆ మాట గాలి రానంత వరకే. నేను చెప్పే ఏడుకు ముందేడు గాలిదుమారానికి కాయ రాలితే, తోట పట్టినాయన మళ్ల మొఖం చూపియ్యలే, పైంగ పంచాయితి పెట్టి బయానాల సగం గుంజుకపోయిండు. భూమిని చూసి వచ్చేటోళ్లు దలాలీలు. పట్నం పెరుగుతున్న రోజులవి. సాగర్ రోడ్డు పొంట మన్నెగూడ దాక ప్లాట్లు పడుకుంట వస్తున్నయి. ఒక దలాలి అయితే మా బాపు అవ్ అనకముందే సున్నమేసిన హద్దురాళ్లు తెచ్చి మా గెట్టు పక్కకు కుప్ప పోసిండు. వాని ధీమా సల్లగుండ, అడ్డుకుంటామన్న ఆలోచనే లేకుండె వానికి.

విసిగిపోయిన బాపు ఆ దలాలితోని ఒక మాట అనేసిండు. ఈ ఎండకాలం తోట మమ్ముల సాకకుంటే నీకే ఇచ్చేస్త పో అన్నడు. ఆ రాత్రి మా అమ్మ బువ్వ ముట్టలేదు. ఆమె కొత్తకోడలుగ వచ్చినప్పుడు నాటిన మొక్కలవి. బావి నుంచి బిందెలతోని నీళ్లు మోసి బతికిచ్చుకున్నది. బాపు మాట ఇస్తే తప్పడని మా ఇంట్ల అందరికి ఎరుక. నాకు పెద్దగ ఏం తెల్వకపోయినా, తోట పోతదన్న బుగులు మాత్రం పట్టుకున్నది.

మా పక్కింటి చాచా పండ్ల యాపారం చేసేటాయన. తెల్లగడ్డం, గళ్ల లుంగి, నవ్వు తక్కువ, చమత్కారం ఎక్కువ. చెట్టు ఆకు చూసి దానికేం రోగమో చెప్పేటోడు. ఈసారి తెల్వనోళ్లకెందుకు, నువ్వే తోట గుత్తకు పట్టు భాయ్, నువ్వయితే ఎగ్గొట్టవు అని బాపు ఆయన్ని అడిగిండు. చాచా సరే చూద్దాం అన్నడు. మరునాడు పొద్దుగాల చంకల ఖాళీ గోనెసంచి పెట్టుకోని తోటకు వచ్చిండు.

వచ్చి నన్ను పిలిచిండు. మీ బాపు నాకు కాయలు అమ్ముతడట బిడ్డా, గీ సంచిల నింపు అన్నడు. నేను నిజమే అనుకోని ఒక కొమ్మ వంచి ఊపిన. పూత రాలి సంచి అడుగుకు పోయింది. ఇంకో కొమ్మ ఊపిన. చీమలు గూడ రాలినయి. చాచా ఆ సంచిని తీస్కపోయి బాపు ముందట బోర్లిచ్చిండు.

"పటేలా, గిదేనా నువ్వు నాకు అమ్మేది? ఇంకా పుట్టని కాయను కొనుడు మా దీన్‌ల, మా ధర్మంల లేదు. రేపు కాయ రాలితే నేను ఏడుస్త, నువ్వు బతికిపోయిన్ననుకుంటవ్. మస్తుగ కాస్తే నువ్వు ఏడుస్తవ్, నేను నవ్వుత. పక్కింటోళ్లం గట్ల బతుకుదమా?"

బాపుకు కోపమొచ్చింది. వద్దంటే వద్దను, సంచులు దులుపుడెందుకు అని లేచిండు. చాచా ఆయన భుజం పట్టి కూసోబెట్టి ఇంకో తొవ్వ చెప్పిండు. చెట్లు మీవి, చాకిరి మాది. నీళ్ల పారకం, మందు, కాపలా అన్నీ మా ఇంటోళ్లం చూస్కుంటం. వచ్చింది చెరి సగం. ఏం రాకుంటే మీకూ లేదు, మాకూ లేదు. మా ప్రవక్త కాలంల ఖర్జూర తోటలు గిట్లనే పాలుకు చేసిన్రు, గిది నేను కొత్తగ పుట్టిచ్చింది కాదు అన్నడు. బాపుకు మనసొప్పలే, ఎందుకంటే ఇట్లయితే బయానా ఉండదు, కాయ దిగేదాక చేతుల పైస ఆడదు. అమ్మనే ముందుకొచ్చి ఒప్పుకో అన్నది. మన నష్టంల గూడ పాలు పంచుకుంటనన్న మనిషి ఇన్నేండ్లల్ల మొదటిసారి దొరికిండు అన్నది.

పక్క తోటాయన మాత్రం పూత మీదనే గుత్తకిచ్చిండు. బయానా పైసలు జేబుల ఆడిచ్చుకుంట మా గెట్టు మీదికెల్లి నడిచేటోడు. ఏం పటేలా, పూత దులిపి సంచి నింపుకున్నరట గద అని దెప్పిపొడిచేటోడు. బాపు పండ్లు కొరుక్కుంట బావి దిక్కు నడిచేటోడు.

ఉగాది దాటినంక కాయ పిడికిలంత అయ్యింది. ఒకనాడు పగటీలి ఉన్నట్టుండి మబ్బు కమ్మి రాళ్లవాన కొట్టింది. ఆ చప్పుడు నాకింకా చెవుల్ల ఉన్నది. రాళ్లు ఆగినంక చూస్తే చెట్ల కింద మన్ను కనబడలే, అంతా పచ్చికాయే. బాపు గట్టు మీద కూలబడి తలకు చెయ్యి పెట్టుకున్నడు. అమ్మ ఏడ్వలే గాని నా చెయ్యి ఇడువలే. ఇగ అయిపోయింది, దలాలి తెచ్చిన ఆ తెల్ల హద్దురాళ్లు మా చెట్ల నడుమకొస్తయి అనుకున్న.

తుంపర ఇంకా పడుతనే ఉన్నది. చాచా, చాచీ, వాళ్ల ఇంటిల్లిపాది గంపలు, కత్తిపీటలు పట్టుకోని ఉరికొచ్చిన్రు. చాచా వచ్చి బాపు ముందట నిలబడ్డడు.

"లే పటేలా. ఏడ్చుడు గూడ సగం నీది, సగం నాదే. రేపు తీరికగ ఏడుద్దాం. కాయ మెత్తబడక ముందు ముక్కలు కోసి ఒరుగులకు ఎండబెట్టాలె."

బాపు లేచిండు. వాడకట్టు ఆడోళ్లందరిని పిలిచినం. చెక్కు తీసేటోళ్లు తీస్తుంటే కోసేటోళ్లు కోసిన్రు. కత్తిపీటల చప్పుడు తోటంత నిండింది. పొద్దుగూకంగ పని ఆగినప్పుడు, ఎవరూ ఇంటికి కదలకముందే చాచా కూలి ఇచ్చేసిండు. తక్కువ పడ్డదానికి అమ్మ బియ్యం డబ్బల దాచిన పైసలు తెచ్చి కలిపింది. చెమట ఆరకముందే కూలి చేతుల పడాలె అనేటోడు చాచా. అందుకే తెల్లారి పిలువకముందే అంతమందీ మళ్ల వచ్చిన్రు.

ఆ పక్క తోటల ఏమైంది? కాయ రాలింది నీ నష్టమంటే నీదని తోటాయన, గుత్తదారు కొట్లాటకు దిగిన్రు. తీర్పు తేలేదాక ఒక్క కాయ ఎవరూ ముట్టలే. నాలుగు రోజులల్ల ఆ కుళ్లు వాసన మా దాక కొట్టింది. మా దిక్కు మాత్రం మా మిద్దె మీద, చాచా మిద్దె మీద, మంచాల మీద, కింద పరిచిన పరదాల మీద ఒరుగులే ఒరుగులు. గాలికి పరదాలు లేస్తుంటే బాపు పోయి ఆ దలాలి హద్దురాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి మూలమూలకు పెట్టిండు. ఆఖరి రాయి పెట్టి నడుముకు చెయ్యి పెట్టుకోని నవ్విండు సూడుండ్రి, ఆ ఎండకాలంల బాపు నవ్వంగ చూసుడు నాకదే మొదలు.

ఒరుగులు బస్సు మీద పట్నం పోయి మసాల దుకాండ్లల్ల పోయినవి పోయినట్టే అమ్ముడుపోయినయి. చెట్ల మీద మిగిలిన కాయ తక్కువైనా, తక్కువున్నందుకే బాగ ఊరింది. మన్నెగూడల కొత్తగ ఇండ్లు కట్టుకున్న ఆంధ్రోళ్లు ఆవకాయకని తోట కాడికే వచ్చి కొనుక్కపోయిన్రు. రాయి తగిలి మచ్చపడ్డ కాయను చాచా మచ్చ పైకి కనబడేటట్టు వేరే గంపల పెట్టి తక్కువకు ఇచ్చిండు. అంతా లెక్క చూస్తే ఏ గుత్తదారూ మాకు ఎన్నడూ అంత ఇయ్యలే. చాచా తన సగంల నుంచి ముందుగాల లేనోళ్ల పాలు తీసి పక్కకు పెట్టిండు. అది చూసి అమ్మ మా సగంల నుంచి గూడ తీసింది.

దలాలి వచ్చిండు. బాపు వానికి ఒక గంప పండ్లిచ్చి, తోట మమ్ముల సాకింది, నీ రాళ్లు నువ్వు తీస్కపో అన్నడు. జర పులుపు పట్టినయి, ఏమనుకోకు అన్నడు. చాచీ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. మా అమ్మ అడ్డం గూడ పెట్టుకోలే.

ఇప్పుడు మా సుట్టుముట్టు అన్నీ కాలనీలే. నడుమ మా తోట పచ్చగ ఉన్నది. బాపు దాన్ని ఆడబిడ్డనైన నా పేర రాసిండు. చాచా లేడు గాని చాచా మనుమడు అదే సగం పాలుకు చేస్తున్నడు. నా దగ్గరికి గూడ బేరాలు వస్తనే ఉంటయి, పైసలు డబల్ చేస్తం, భూమి డెవలప్ చేస్తం అని. అందరినీ కూసోబెట్టి చాయ పోసి ఒక్కటే అడుగుత, నష్టమొచ్చిన నాడు నువ్వు యాడ ఉంటవ్ అని. చాయ సగంలనే లేచిపోతరు.

చాచా మనుమణ్ణి నేను ఎన్నడూ అది అడుగలే. పోయినేడు మళ్ల రాళ్లవాన పడ్డది. నేను చెప్పులేసుకోని ఆగమాగం తోటకు ఉరికితే, వాడు అప్పటికే తడిసి ముద్దై, కత్తిపీట ముందేసుకోని కూసున్నడు. నన్ను చూసి రెండో కత్తిపీట నా దిక్కు జరిపిండు.

"కూసో పెద్దమ్మా. సగం నీవే."