సిలోన్‌లో వాన పడిందా?

ఆ రోజుల్లో పెళ్లికొడుక్కి ఉండాల్సినవన్నీ నాకున్నాయనే అనుకునేవాణ్ణి. ఆదోని పత్తి మిల్లులో కరెంటు పని, పలచటి మీసం, వీటన్నిటినీ మించి పరీక్ష రాసి సర్కారు నుంచి తెచ్చుకున్న హామ్ రేడియో లైసెన్సు. మిద్దె మీద వెదురుబొంగులకు తీగ కట్టి, సొంతంగా బిగించుకున్న సెట్టుతో ఎక్కడెక్కడి దేశాల వాళ్లతోనో మాట్లాడేవాణ్ణి. (వీధిలో నన్ను 'తీగలోడు' అనేవాళ్లు, నేనది బిరుదనుకున్నాను.)

ఒక ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి పిల్ల తండ్రి, తన తల్లిని వెంటబెట్టుకుని మా ఇల్లు చూడడానికి వచ్చారు. ఆయనది చేనేత టవళ్ల వ్యాపారం. సరిగ్గా అప్పుడే సెట్టులో సిలోన్ పెద్దాయన ఒకరు పలికారు. పిల్ల తండ్రి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"సిలోన్‌లో మన టవళ్లు పోతాయేమో అడుగప్పా."

"దీంట్లో వ్యాపారం మాట్లాడకూడదు మామా," అన్నాను. (సంబంధం కుదరకముందే మామా అనేశాను.)

"పోనీ, మా సడ్డకుని కొడుకు ఆడనే ఉండాడు. బాగుండాడేమో కనుక్కోమను."

"వేరేవాళ్ల కబుర్లు మోయకూడదు."

"ఆడ ఎలక్షన్లు..."

"రాజకీయాలు అసలే కూడదు. లైసెన్సు పోతుంది."

లైసెన్సు పోతే పోయింది, సంబంధం పోతాంది అడగరా, అన్నట్టు తలుపు చాటు నుంచి మా అమ్మ కళ్లతోనే తిట్టింది. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. ఒక్క టవలు మాట అంటే ఎవరికి తెలుస్తుందిలే అని కూడా అనిపించింది. చివరికి ధైర్యం చాలక, అక్కడ వాన పడిందా అని ఇంగ్లీషులో అడిగి, పడలేదట అని తెలుగులో చెప్పాను.

"వాన పడల్యాదని తెలుసుకునేకి సిలోన్ దాకా పోవల్నా? మన ఆదోనిలోనే పడల్యాదు కదప్పా!" అంటూ ఆయన కండువా దులిపి లేచారు.

పక్కనే కూర్చున్న ఆయన తల్లి అప్పుడు కొడుకు చెయ్యి పట్టి లాగింది. "కూసోరా. యాపారం ఎత్తడు, రాజకీయం ఎత్తడు, ఒకరింటి మాటలు ఇంకొకరింటికి మోయడు. ఇట్లాంటి అల్లుడు నీకు యాడ దొరుకుతాడు?"

అలా పెళ్లయింది. కొత్తలో నా భార్యతో ఏం మాట్లాడాలో తోచక పొద్దున ఎండ గురించీ, సాయంత్రం గాలి గురించీ అడిగేవాణ్ణి. కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు ఆమె ఫక్కున నవ్వింది. "ఇది రేడియో కాదులే. ఈడ ఏమన్నా మాట్లాడొచ్చు."

గుండె నిండిపోయింది. ఏదో గొప్ప మాట చెప్పాలని నోరు తెరిచి, "మబ్బు పట్టినట్టుంది" అన్నాను. ఇన్నేళ్లకు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ముద్దూ వస్తాడు.