వదినగారి కట్టెల పొయ్యి

ఆదివారం. ఆషాఢం ముసురు. వంటింటి అటక మీద పొయ్యిలోకని దాచిన కొబ్బరి డొక్కలు దింపి వసారాలో పేర్చాను.

మా వదినగారు పోయి నెల దాటింది. అన్నయ్య పెళ్ళినాటికి నేను నిక్కర్లు తొడుక్కునేవాణ్ణి. ఆవిడ వండిన అన్నం తిని పెద్దవాణ్ణయ్యాను. నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందు వంటింటి మూలనున్న కట్టెల పొయ్యే గుర్తొస్తోంది.

ఆ పొయ్యికి మట్టి తెచ్చిందీ, మెత్తిందీ ఆవిడే. కప్పు పైదాకా రేకు గొట్టం మాత్రం అన్నయ్య పెట్టించాడు. రోజూ వంటయ్యాక అలికి ముగ్గు పెట్టేవారు. "పొయ్యి ఆరిపోయింది" అంటే ఒప్పుకునేవారు కాదు. "పడుకుంది అనాలి" అనేవారు. నిప్పుల మీద పాలదాక పెట్టి, మీగడ ఎర్రగా కట్టాక నాకో గరిటెడు తీసి, "మీ అన్నయ్యకి చెప్పకు, నాకూ ఏదీ అంటారు" అని నవ్వేవారు.

గ్యాసు వచ్చి చాలా ఏళ్ళయింది. అన్నయ్య మాత్రం దాని మీద వండితే ముట్టేవాడు కాదు.

"అది అన్నంలా ఉండదే."

"మరేనండి. మీ నాలిక చల్లగా ఉండాలి, నా కళ్ళు ఏమైపోతేనేం" అనేవారు వదినగారు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. అందరం నవ్వేవాళ్ళం.

మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిచారు. "అలికే చెయ్యి లేని పొయ్యి ఇంట్లో ఉంచకండి అబ్బాయీ. తీయించెయ్. ఆయన ఒప్పుకోరు, నువ్వే ఒప్పించాలి." సరేనన్నాను.

ఈవేళ కాస్త తెరిపిచ్చాక మేస్త్రి పలుగుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు అన్నయ్యకి చెప్పాను.

"దాని జోలికి రాకండ్రా."

"వదినగారి మాట అన్నయ్యా."

అన్నయ్య వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాడు. "అయితే ఒక్కసారి వెలిగించి టీ పెడతాను. తర్వాత మీ ఇష్టం."

పొయ్యి వెలిగించడం మా ఇద్దరికీ రాదు. డొక్కలు జల్లుకి చెమ్మగిల్లాయి. వదినగారు మంచం పట్టినప్పటి నుంచి గొట్టం దులిపినవాళ్ళు లేరు. పొగ పైకి పోక గదంతా కమ్మేసింది. అన్నయ్య ఊదుగొట్టం పట్టుకుని ఊదాడు, దగ్గాడు, మళ్ళీ ఊదాడు.

"బయటికి రండి బాబూ! ఊపిరాడక పోతారు" అని మేస్త్రి కేకేశాడు.

రాలేదు. ఎంతకో చిన్న మంట లేచింది. టీ మాట మరిచిపోయి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

"రోజూ ఇంత పొగేంట్రా?"

"ఇంత ఉండేది కాదులే అన్నయ్యా. ఆవిడకి వెలిగించడం తెలుసు."

"నువ్వూరుకో." మెట్టు మీద కూలబడ్డాడు. "మేస్త్రీ, తీసెయ్ బాబూ. నెమ్మదిగా తియ్యి."

నిప్పులు చల్లారాక గొట్టం దించారు. పలుగు తగిలి ఊడిన మట్టిపెళ్ళలో అలుకు మీద అలుకు, సన్నటి పొరలుగా, ఉల్లిపాయలా ఉంది. ఒక పెళ్ళ ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య ఇంకా అలాగే కూర్చున్నాడు. గొట్టం తీసిన కంతలోంచి మళ్ళీ వాన పడుతోంది. విరిగిన పొయ్యి తడిసి, ఇప్పుడే అలికినట్టు వాసనేస్తోంది. పట్టా తెచ్చి పైన కంత మీద కప్పాలి.