గత్తర వచ్చిన ఎండాకాలం

నైజాం పాలన పోయిన మరుసటి ఎండాకాలం సూర్యాపేటలో గత్తర లేచింది. వాంతులు, విరేచనాలు, పొద్దున నడిచిన మనిషి సాయంత్రానికి కట్టె. నేనప్పుడు సర్కారు దవాఖానలో గుమాస్తాను. వచ్చిన రోగి పేరూ ఊరూ రాసుకోవడం, పోతే కొట్టివేయడం నా ఉద్యోగం. ముక్కుకు రుమాలు కట్టుకుని, వరండా చివర కుర్చీ వేసుకుని చేసేవాణ్ని. వాసన తగిలితే కుర్చీ ఇంకో గజం వెనక్కి జరిపేవాణ్ని. అంతటి శూరుణ్ని.

మా డాక్టరు రెండోనాడే తల్లికి బాగాలేదని హైదరాబాదు బస్సెక్కాడు. ఆ తల్లి పోయి మూడేళ్లయిందని మా అందరికీ తెలుసు.

పెన్‌పహాడ్ వైపు భూములున్న దొర ఒకాయన మా ఊళ్లో బంగళా కట్టుకుని ఉండేవాడు. నైజాం పోగానే రూమీ టోపీ తీసి కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకోవడానికి ఆయనకు వారం కూడా పట్టలేదు. ఆయన దవాఖాన గేటు దాకా వచ్చాడు. గేటు దాటలేదు. అక్కడే నిలబడి ఉపన్యాసమిచ్చాడు.

"భయపడొద్దు! రోగులకు సేవ జెయ్యాలె! నన్ను సూసి నేర్సుకోండి!"

ఆ మధ్యాహ్నమే పెళ్లాం పిల్లలతో బండి కట్టించుకుని ఊరవతల తోటకు పోయాడు. నేర్చుకోదలచినవాళ్లు తోటలున్నవాళ్లయితే నేర్చుకునే ఉంటారు.

దవాఖానలో మిగిలింది ఆయా. కోదాడ వైపు మనిషి, క్రైస్తవురాలు, నలభై దాటి ఉంటాయి. పొద్దున్నే పెద్ద కాగులో నీళ్లు మరిగించేది. గంజిలో ఉప్పు వేసి చెంచాతో తాగించేది. సున్నం చల్లి నేల కడిగేది. ఎవర్నీ రమ్మనలేదు.

చూసి చూసి నాకే చికాకేసింది. "డాక్టరే పారిపాయె, నీకేం పట్టింది? పానం మీద తీపి లేదా?" అన్నాను.

"ఆయన లేడని రోగం ఆగుతదా సారూ," అంది తలెత్తకుండా. "జర పక్కకు జరుగు, నీళ్లు పొయ్యాలె."

జరిగాను. జరగడం నాకు బాగా వచ్చు.

ఒక దర్జీ భార్య లోపల మంచం మీద ఉంది. అతను రెండు రోజులు గేటు బయటే నిలబడి ఆయాను చూశాడు. మూడోనాడు లోపలికి వచ్చాడు. ఒక రోగిని మంచం మార్చబోతున్న ఆయా ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు. "కాళ్ల దిక్కు పట్టు," అంది. పట్టాడు. తెల్లారి అతని వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు గంజి కాచుకొచ్చారు. ఒక కల్లుగీత మనిషి కట్టెలు తెచ్చి పడేశాడు. నేను వాళ్ల పేర్లు కూడా రాసుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఒకరోజు తుంగతుర్తి నుంచి తెచ్చిన ముసలమ్మ నా బల్ల ముందే కూలబడింది. నా ధోవతి అంచు పట్టుకుంది.

"బిడ్డా, నీళ్లు."

ఎవరైనా వస్తారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అలా చుట్టూ చూసిన ఆ క్షణం తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం. తర్వాత కింద కూర్చుని ఆమె తల ఒళ్లోకి తీసుకుని, నీళ్ల చెంబు నోటికి పెట్టాను. రుమాలు జారిపోయింది. లోపలినుంచి వచ్చిన ఆయా ఒక్క మాటే అంది: "గటగటా తాపకు సారూ. చెంచాతోని."

ముసలమ్మ బతికింది. అయిదోనాడు కొడుకు బండిలో తీసుకుపోయాడు.

వానలు పడ్డాక గత్తర తగ్గింది. దొర వచ్చాడు, డాక్టరూ వచ్చాడు. సభ పెట్టి దొరకు శాలువా కప్పారు. "నా మాట ఇని జనం కదిలిండ్రు," అన్నాడు దొర. డాక్టరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయాను ఎవరూ పిలవలేదు. నేను మధ్యలోనే లేచి దవాఖానకు వచ్చేశాను. ఆమె దుప్పట్లు ఉతుకుతోంది. సభలో జరిగింది చెప్పాను.

"అట్నా," అంది. "ఈ కొస పట్టుకో సారూ, పిండాలె."

ఇద్దరం దుప్పట్లన్నీ పిండి ఆరేశాం.

తర్వాత నన్ను మిర్యాలగూడకు మార్చారు. రెండేళ్లకు అక్కడా గత్తర వచ్చింది. ఆసారి నేను వార్డు లోపలే ఉన్నాను. నా గురించి ఇంతకు మించి చెప్పుకోవడానికేం లేదు. దొర గురించి చెప్పేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. ఆయనే పురమాయించాడు.